వెనకాలి సీసా

ఇస్ట్రియా, క్రొయేషియా
14 జనవరి 2024

దాసూ,

ఉత్తరం మొదట్లో నేను క్షేమం, నువ్వూ క్షేమమని తలుస్తాను అని రాయాలని ఎనిమిదో తరగతిలో మన తెలుగు సారు నేర్పాడు. నేను క్షేమమే. నువ్వెలా ఉన్నావో తెలియకుండా రెండో ముక్క రాయబుద్ధి కాలేదు.

చెప్పకుండా వచ్చేశాను. నవంబరులో ఆ సోమవారం పొద్దున నువ్వు సాంచల మీదికి పనికి పోయే వేళకే నేను హైదరాబాదు బస్సులో ఉన్నాను. ఫోను చేస్తే నీకు వినబడదు. ముప్పై ఏళ్ల ఆ మరమగ్గాల చప్పుడు నీ చెవులను తినేసింది. మీ ప్రవళికకు మెసేజి పెడితే మందమర్రిలో ముందు అల్లుడు చదువుతాడు, తర్వాత బిడ్డ చదువుతుంది, చివరికి ఎప్పుడో నీదాకా వస్తుంది. మన ఇద్దరి మాట అంతమంది చేతులు మారడం నాకిష్టం లేదు. అందుకే కాగితాలు కొన్నాను.

ఇది సముద్రం పక్కన ఒక చిన్న మూల. మొత్తం కలిపితే మన పాత కరీంనగర్ జిల్లాలో నాలుగో వంతు కూడా ఉండదేమో. ఎటు చూసినా ద్రాక్షతోటలే. నాతో వచ్చిన నిజామాబాద్ వాళ్లంతా సముద్రం ఒడ్డున హోటళ్లలో గిన్నెలు కడగడానికి పోయారు. నేను చెట్టు పని తెలుసు అన్నాను. దాంతో నన్నొక్కణ్ణే కొండమీది ఊరికి, యోసిప్ అనే ముసలాయన దగ్గరికి పంపారు. ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు.

ఆయనకు డెబ్బై నాలుగేళ్లు. భార్య లేదు. ఆరెకరాల తోట. చుట్టుపక్కల వాళ్లు కొట్టినట్టు తోటకు పురుగుమందు కొట్టడు, వైనులో ఏమీ కలపడు. పళ్లు తొక్కి తొట్టిలో పోసి ఊరుకుంటాడు. మన లొట్టిలో కల్లు పొంగినట్టే అది తనంతట తానే పొంగి వైను అవుతుందట. అలాంటిదే కావాలని ఇటలీ నుంచి కార్లు వేసుకుని వస్తారు. మా ఇద్దరికీ భాష లేదు. ఆయన తన ఫోనులో మాట్లాడితే అది తెలుగు చేసి చెబుతుంది, రేడియోలో వార్తలు చదివినట్టు.

మొదటిరోజు నాకు తీగలు కత్తిరించే కత్తెర ఇచ్చాడు. నేను సంచిలోంచి నా కల్లు గీత కత్తి తీసి చూపించాను. బొటనవేలితో అంచు చూసి లోపలికి పోయి, వాళ్ల తాతదట, ఒక వంకర కత్తి తెచ్చి దాని పక్కన పెట్టాడు. రెండూ ఒకే అమ్మ కడుపున పుట్టినట్టున్నాయి. ఆ తర్వాత నన్ను పనిలో ఏమీ అడగలేదు.

చలి దాసూ. బుర అని ఒక గాలి వస్తుంది, మనిషిని నిలబడనీయదు. ఐదింటికల్లా చీకటి పడుతుంది. మన దగ్గర నువ్వు సాంచలు బందు పెట్టి, తల మీది దూది దులుపుకుంటూ కల్లు కంపౌండుకు వచ్చే యాళ్ల ఉంటుంది చూడు, ఇక్కడ ఆ యాళ్లకు నేను తలుపు వేసుకుని గోడకేసి చూస్తూ కూర్చుంటాను.

కోమల చెల్లెను అడిగానని చెప్పు.

రాజం


సిరిసిల్ల
22 ఫిబ్రవరి 2024

రాజం,

నీ ఉత్తరం అందింది. పోస్టుమాన్ నాలుగుసార్లు కవరు తిప్పి చూసి, 'గిది నీకేనా అంబదాసు' అని అడిగాడు. నాకే అన్నాను.

పదకొండేళ్లు ప్రతి సాయంత్రం ఒకే బండ మీద పక్కపక్కన కూర్చున్నాం. ఒక్క మాట చెప్పి పోవడానికి నీకు నోరెందుకు రాలేదు? నాకు చెవులు లేవు గానీ కండ్లున్నాయి. నీ పెదవులు కదిలితే చాలు, చదువుకునేవాణ్ని. సాంచల మధ్య బతికినవాళ్లందరికీ వచ్చిన చదువే అది. ఆ సోమవారం నేను కంపౌండుకు వచ్చేసరికి గల్లా మీద ఎవరో కొత్త మనిషి ఉన్నాడు. 'రాజం ఏడి' అంటే, నవ్వి, 'దేశం వొయిండు' అన్నాడు. నేను బండ మీద కాసేపు కూర్చుని లేచి వచ్చాను.

నువ్వు పోయాక నేనూ అందరిలాగే ముందటి గల్లా దగ్గరే సీసా కొనుక్కున్నాను. నువ్వున్నన్నాళ్లు నాకు వెనక గదిలోంచి వేరే సీసా తెచ్చేవాడివి. అందరికీ మత్తు పొడి కలిపిన కల్లు, నాకు మాత్రం చెట్టు మీంచి దించినది దించినట్టు. ఆ గౌరవం ఇప్పుడెవరిస్తారు?

ఇక్కడి సంగతులు. పక్క మండలంలో మందు కల్లు తాగి ఇద్దరు చచ్చిపోయారు. ఆబ్కారోళ్లు వచ్చి అన్ని కంపౌండ్లలో పొడి పట్టుకుపోయారు. పది రోజులుగా అంతటా ఉత్త చెట్టు కల్లే పోస్తున్నారు. తాగినవాళ్లు ఉమ్మేస్తున్నారు. 'గిది నీళ్లు' అని సీసాలు పగలగొడుతున్నారు. ముసలివాళ్లు వాకిళ్లలో కూర్చుని పిచ్చి చూపులు చూస్తున్నారు. నాకేం ఫికర్ లేదు. మూడు నెలలు ముందటి సీసా తాగినా, పదకొండేళ్లు నీ చేతి కల్లు తాగిన ఒళ్లు కదా. జర చేతులు వణుకుతున్నాయి. పోగు తెగితే అతకడానికి రెండుసార్లు పడుతోంది. చలికని అనుకుంటున్నాను.

కోమల బాగుంది. నిన్ను అడిగింది.

అంబదాసు


ఇస్ట్రియా
2 ఏప్రిల్ 2024

దాసూ,

నువ్వు కోపంగా రాసినా సరే, రాశావు. ఆ ఉత్తరం తోటలోకి కూడా తీసుకుపోయాను.

ఇక్కడ చలి విరిగింది. పోయిన వారం ఒక వింత చూశాను. జనవరిలో కత్తిరించిన ప్రతి కొమ్మ కొననుంచీ నీళ్లు కారుతున్నాయి. ఒక్కో చుక్కే. తోట మొత్తం, ఆరెకరాలూ. నేను పని ఆపి నిలబడిపోయాను. కోసిన చోట చెట్టు నీరు వదలడం నేను పద్నాలుగేళ్ల వయసు నుంచి చూస్తున్నాను గదా. ఇక్కడ చూస్తాననుకోలేదు. ఒక చుక్క వేలితో తీసుకుని నాలుక మీద పెట్టుకున్నాను. రుచేమీ లేదు. యోసిప్ చూసి నవ్వాడు. ఆయన ఫోను, 'ద్రాక్ష తీగ రోదించుచున్నది' అని చెప్పింది.

ఆ రోజు మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని రొట్టె తింటున్నాం. నేను చేతులతో చూపించి చెప్పాను: మోకు నడుముకు వేసుకుని ఎలా ఎక్కుతామో, లొట్టి ఎక్కడ కడతామో, పొద్దున్నే నురగ ఎలా పొంగి ఉంటుందో. ఆయన చిన్నపిల్లవాడిలా విన్నాడు. మీ చెట్టు సారాయి రుచి చూడాలని ఉంది అన్నాడు. సారాయి కాదు కల్లు అని ఫోనుకు మూడుసార్లు చెప్పినా దానికి ఆ మాట పలకడం రాలేదు. తర్వాత ఆయన అడిగాడు, 'మీరు అందులో ఏమి కలుపుదురు?' అని.

ఏమీ కలపం అన్నాను.

ఆయన నా భుజం మీద చెయ్యేసి, లోపలికి పోయి తనకోసం దాచుకున్న సీసా ఒకటి తెచ్చి పోశాడు. పసుపు నీళ్ల రంగులో, అడుగున కొద్దిగా మడ్డితో ఉంది. మంచి వైను. నాకు సయించలేదు. కడుపులో బాగాలేదని చెప్పి లేచాను.

నీ చేతుల వణుకు తగ్గిందా? రాయి. తప్పకుండా రాయి. డాక్టరుకు చూపించుకో.

రాజం


సిరిసిల్ల
26 మే 2024

రాజం,

ఈ ఉత్తరం మూడు రోజులుగా రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకు. ఇదివరకటి కంటే నయం.

నేను నీకు రెండు అబద్ధాలు రాశాను. ఒకటి, ఫికర్ లేదన్నది. మార్చి మొదటి వారంలో సాంచ మీద పని చేస్తుండగా పడుగు పోగులన్నీ పురుగుల్లా పాకుతున్నట్టు కనిపించాయి. నేను చేతులతో కొట్టడం మొదలుపెట్టాను. పోగులు తెగిపోతున్నాయని మా సాంచల ఓంప్రకాశ్ సేటు పరుగెత్తుకొచ్చాడు. ఆ తర్వాత ఏమైందో నాకు తెలియదు. కింద పడి కొట్టుకున్నానట. నాలుక కొరుక్కున్నాను. ఆటోలో వేసుకుని కరీంనగర్ పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. పద్దెనిమిది రోజులున్నాను. మొదటి ఐదు రోజులు చేతులు మంచానికి కట్టారట, అదీ గుర్తులేదు. ఆ వార్డులో అందరూ నాలాంటివాళ్లే. సుతారీ మేస్త్రీలు, బీడీలు చేసే ముసలమ్మలు. అందరి జబ్బూ ఒకటే, రోజూ తాగే మందు కల్లు ఒక్కసారిగా ఆగిపోవడం.

రెండో అబద్ధం కోమల సంగతి. ఆమె ఇక్కడ లేదు. డిసెంబరులోనే మందమర్రికి, బిడ్డ దగ్గరికి పోయింది. నువ్వు పోయిన పదిహేను రోజులకు ఒక మాటన్నది. 'గాయన నీకు మంచిది పోసెటోడైతే గిట్ల దొంగలెక్క ఎందుకు వోతడు? అబద్ధమాడినోడే చెప్పకుండ వోతడు' అన్నది. నేను చెయ్యి చేసుకున్నాను. ముప్పై ఏళ్లలో మొదటిసారి. నీ మీద మాట పడితే ఓర్చుకోలేక కొట్టాను. ఆమె ఏడవలేదు. బట్టలు సర్దుకుంది.

ఇప్పుడు అసలు విషయం. వార్డులో డాక్టరమ్మ నన్ను కాగితం మీద రాసి అడిగింది, ఎన్నేళ్ల నుంచి తాగుతున్నావని. మందు కల్లు మూడు నెలలే, అంతకు ముందు అంతా ఉత్త చెట్టు కల్లు అని రాసిచ్చాను. ఆమె చదివి తల అడ్డంగా ఊపింది. 'మూడు నెలలకు ఇంత కాదు. నీ ఒంట్లో ఇది ఏండ్ల సంది ఉన్నది' అన్నది. నా దోస్తు నాకు వేరే సీసా పోసేవాడు, మీకు తెలియదు అన్నాను. ఆమె నాతో వాదించలేదు. చీటీ మీద ఏదో రాసుకుని పోయింది.

ఆ డాక్టరమ్మ చిన్నపిల్ల, పొరపాటు పడి ఉంటుంది. లేకపోతే నువ్వు లేని రోజుల్లో, నువ్వు చెట్ల మీదున్నప్పుడు, గల్లా మీదివాళ్లెవరో నీకు తెలియకుండా వెనకాలి సీసాల్లో కూడా కలిపి ఉంటారు. అంతే కదా? అట్లా అని ఒక్క ముక్క నీ చేత్తో రాసి పంపు. నేను అది కోమలకు చూపించాలి.

అంబదాసు


ఇస్ట్రియా
3 జులై 2024

దాసూ,

నువ్వు దవాఖానలో పడి ఉన్నావని చదివాను. ఇప్పుడు నయంగా ఉంది కదా. అన్నం సరిగ్గా తిను. మందులు ఆపకు.

ఇక్కడ వానలు ఎక్కువయ్యాయి. ఆకుల మీద నూనె చుక్కలు పడ్డట్టు మచ్చలొచ్చాయి. ఈయన మందులు కొట్టడు గానీ మైలుతుత్తం, సున్నం కలిపి చల్లుతాడు, మన దగ్గర కూరగాయల తోటలకు చల్లినట్టే. దానికి లెక్క ఉందట, ఏడాదికి ఇంతకు మించి చల్లకూడదని. పొద్దంతా డబ్బా మోసి భుజాలు పుండ్లు పడ్డాయి. కింది మడిలో రెండు వరుసలు పోయాయి. మిగిలినవి దక్కేట్టున్నాయి. కాయ ఇప్పుడు శనగ గింజంత ఉంది.

పని ఎక్కువగా ఉంది. మళ్లీ తీరిగ్గా రాస్తాను.

రాజం


సిరిసిల్ల
12 ఆగస్టు 2024

రాజం,

ఆకుల గురించి చదివాను.

నేనడిగింది ఒక్క ముక్క.

అంబదాసు


ఇస్ట్రియా
8 అక్టోబరు 2024

దాసూ,

నీ రెండు వరుసల ఉత్తరం వచ్చి నెల దాటింది. జవాబు రాయడానికి నాలుగుసార్లు కూర్చున్నాను.

నీ సీసాలో పొడి కలిపింది నేనే.

గల్లా మీదివాళ్లకు ఏమీ తెలియదు. వెనక గది తాళం నా మొలకే ఉండేది. నా చేతులతో నేనే కలిపాను. పదేళ్లు. ఇదే నువ్వడిగిన ముక్క. కోమల చెల్లెకు ఇది చూపించు. ఆమె అన్నదాంట్లో అక్షరం తప్పు లేదు.

ఇప్పుడు ఎట్లా మొదలైందో రాస్తాను. ఎందుకంటే నువ్వు డబ్బు కోసం అనుకుంటావేమో. నీ సీసాకు నేనెప్పుడూ డబ్బు ముట్టలేదు.

మా ఇంటిది లింగవ్వ పోయిన ఏడు అది. ఆమె దినాలైనాక ఇంట్లో పొయ్యి వెలిగించేవాళ్లు లేక కంపౌండులోనే పడుకునేవాణ్ని. ఎవరూ నా దగ్గర కూర్చోలేదు. కల్లు కొనుక్కుని పోయేవాళ్లే అందరూ. నువ్వు మాత్రం పని దిగి నేరుగా వచ్చేవాడివి. మాటలు ఎక్కువ ఉండేవి కావు. నీకు అప్పటికే సగం వినబడేది కాదు. అయినా రోజుకు ఒక మనిషి పక్కన కూర్చోవడం ఎంత పెద్ద సంగతో నీకు చెప్పలేను. ఆ ఏడంతా నేను నీకు పోసింది అసలైన చెట్టు కల్లే. మూడో నంబరు ఈత చెట్టుది, తియ్యగా ఉండేది.

ఒకరోజు నువ్వు సగం సీసా వదిలేసి, 'ఏందిరా రాజం, నీ కల్లు నీళ్లోలె ఉన్నది. అవతలి వాడల ఒక్క సీసకే కండ్లు మూతలు వడ్తయట' అన్నావు. నవ్వుతూనే అన్నావు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడు కూడా రాలేదు. నాలుగు సాయంత్రాలు నేను ఆ బండ మీద నీ సీసా పక్కన పెట్టుకుని కూర్చున్నాను. నువ్వు అవతలి వాడ కంపౌండుకు పోతున్నావని ఎవరో చెప్పారు.

ఐదో రోజు నేనే మీ సాంచల దాకా వచ్చి నిన్ను పిలుచుకుపోయాను. ఆ రోజు సీసాలో చిటికెడు వేశాను. నువ్వు తాగి, కండ్లు మూసుకుని, 'గిది రా కల్లంటె' అన్నావు. తెల్లారి నాకంటే ముందే వచ్చి కూర్చున్నావు.

చిటికెడు రెండు చిటికెలైంది. తర్వాత చెంచా. నువ్వు రాకుండా పోతావేమోననే భయం ఎప్పుడూ ఉండేది. ముందటి సీసాల కంటే నీ సీసాలోనే ఎక్కువ ఉండేది దాసూ. అదీ రాస్తున్నాను.

పోయిన ఏడు ఆగస్టులో కోమల చెల్లె కంపౌండుకు వచ్చింది. లోపలికి రాలేదు. కొంగు కప్పుకుని తడిక పక్కన నిలబడింది. 'అన్నా, ఆయన చేతులు వణుకుతున్నయి, పోగు వడ్తలేదు. నువ్వన్న ఆయనకు మంచిది పోస్తున్నవా?' అని అడిగింది. 'చెట్టు కల్లే చెల్లె, లింగవ్వ మీద ఒట్టు' అన్నాను. ఆమె తల ఊపి పోయింది. చచ్చిన మనిషి మీద ఒట్టేశాను. ఆ తర్వాత నీకు సీసా అందించిన ప్రతిసారీ ఆ ఒట్టు గుర్తొచ్చేది. ఆపితే నువ్వు పడిపోతావని తెలుసు. అవతలి ఊళ్లో చూశాను. పోస్తే పోతావని తెలుసు. రెండూ చేయలేక ఏజెంటు దగ్గరికి పోయాను. నేను పోతే నీకు ఎవరో పోస్తారులే అనుకున్నాను. నిన్ను కొత్త మనిషి గల్లాకు వదిలేసి వచ్చాను.

పోయిన వారం ఇక్కడ ఒకటి జరిగింది. సెప్టెంబరులో కాయ కోశాం. మూడు తొట్లు నింపాం. రెండు బాగా పొంగాయి. మూడోది సగంలో ఆగిపోయి పుల్లటి వాసన కొట్టింది. ఇటలీ నుంచి వచ్చే వ్యాపారి రుచి చూసి, ఫలానా పొడి కలిపితే నిలబడుతుంది, ఎవరికీ తెలియదు, నేను కొంటాను అన్నాడు. యోసిప్ వద్దన్నాడు. ఆ తొట్టిని సిర్కా, అదే వెనిగరు, చేసుకుందామన్నాడు. ఏడాది పంటలో మూడో వంతు అది. నేను బకెట్లతో వేరే పీపాల్లోకి తోడి పోస్తుంటే ఆయన మెట్ల మీద కూర్చుని చూశాడు. ఒకసారి తలెత్తి చూశాను. గొప్పగా ఏమీ లేదు ఆయన ముఖం. నష్టపోయిన ముసలివాడి ముఖమే.

నేను బకెట్ కింద పెట్టి, ఆయన ఫోను తీసుకుని చెప్పాను. మేము కలుపుతాం, నేను కలిపాను, మీతో అబద్ధం చెప్పాను అని. ఆయన విన్నాడు. 'ఎవరు త్రాగిరి?' అని ఫోను అడిగింది. నా స్నేహితుడు అన్నాను. 'అతడు జీవించి ఉన్నాడా?' ఉన్నాడు అన్నాను.

'అట్లయిన నాకెందుకు చెప్పుచున్నావు?'

ఆయన లేచి లోపలికి పోయాడు. నాలుగు రోజులైంది, నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు.

నేను క్షమించమని అడగడం లేదు. అడిగితే అది కూడా నీతో ఏదో తాగించినట్టే ఉంటుంది.

రాజం


సిరిసిల్ల
5 జనవరి 2025

రాజం,

నీ ఉత్తరం నవంబరు మొదట్లో అందింది. రెండు నెలలు జవాబు రాయలేదు. రాయకూడదనే అనుకున్నాను.

చదివిన రోజు పనికి పోలేదు. కోపం వచ్చింది. నువ్వు ఎదురుగా ఉంటే ఏం చేసేవాణ్నో తెలియదు. ఆ కోపంతో వారం గడిచింది. తర్వాత కోపం అడుగున ఇంకొకటి కనబడింది. అది నీకు రాయకుండా నేను నిన్ను తిట్టలేను.

నువ్వు మా సాంచల దాకా వచ్చి పిలుచుకుపోయిన ఆ రోజు నాకు గుర్తుంది. మొదటి గుక్కలోనే చేదు తగిలింది. ఏడాదిపాటు నీ మూడో నంబరు చెట్టు కల్లు తాగిన నాలుక కదా, దానికి తెలియదా? నీ ముఖం చూశాను. నువ్వు పక్కకు తిరిగావు. అడిగితే నువ్వు మానేస్తావు. మానేస్తే ఆ మత్తు ఉండదు. పొద్దంతా సాంచల చప్పుడు ఒంట్లో మోగుతూనే ఉండేది, చెవులు పోయినా అది పోలేదు. ఆ సీసా తాగితే ఆగేది. అందుకని అడగలేదు. అడగకుండా ఉండి ఉండి, నువ్వు నాకు వేరే పోస్తావన్న మాటను నేనే నిజమని నమ్మాను. నమ్మి, కాదన్నదాన్ని కొట్టాను.

డిసెంబరులో మందమర్రి పోయాను. మళ్లీ పనిలో పడ్డాక నా చేతులతో సంపాదించిన డబ్బుతో చీర ఒకటి కొని తీసుకుపోయాను. ప్రవళిక వాళ్లది కోల్‌బెల్టు క్వార్టరు, ముందు సన్నటి వరండా. కోమల బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నన్ను చూసి లేవలేదు, చాట పక్కన పెట్టింది. నీ ఉత్తరం ఇచ్చాను. ఆమె చదువు నీకు తెలుసు, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవాలి. గంట పట్టింది. నేను మెట్టు మీద కూర్చున్నాను. ప్రవళిక చాయ తెచ్చి పెట్టింది, చల్లారిపోయింది.

చదవడం అయినాక కాగితం మడిచి ఒళ్లో పెట్టుకుంది. నేను నాకు తెలిసిన సంగతి కూడా చెప్పాను. మొదటి గుక్కలోనే తెలుసునని. ఆమె నా వైపు తిరిగింది. నేను పెదవులు చదువుకోవడానికి వీలుగా, నిదానంగా అడిగింది.

'నన్ను కొట్టింది గాయన పోసిన మందా, నువ్వా?'

'నేనే' అన్నాను.

'ఆఁ' అన్నది. అంతే. లేచి అన్నం పెట్టింది. పచ్చిపులుసు చేసింది. నేను తిని, పోదామా అన్నట్టు చూశాను. ఆమె తల అడ్డంగా ఊపింది. చీర తీసుకుంది. నీ ఉత్తరం అడిగితే ఇవ్వలేదు. 'గిది నాది' అన్నది. కాబట్టి అది ఇప్పుడు నా దగ్గర లేదు. నేను బస్సెక్కి వచ్చేశాను. మళ్లీ రావచ్చని ఆమె అనలేదు, రావద్దనీ అనలేదు. ఉగాదికి పోయి చూస్తాను.

ఇల్లు ఖాళీగా ఉంది. సాయంత్రం ఆరింటికి సాంచలు బందు పెడతాను. అప్పుడు ఎటు పోవాలో కాళ్లకు తెలియదు. కంపౌండు వైపు తిరుగుతాయి, నేను ఆపి ఇంటికి తిప్పుతాను. రోజూ అదే పని. ఈ మధ్య రెండు సాంచలే నడుపుతున్నాను, నాలుగు నా వల్ల కావడం లేదు. చేతులు చాలావరకు ఆగాయి. పోగు మొదటిసారే అతుకుతోంది.

నిన్ను క్షమించానని రాయలేను రాజం. రాస్తే అబద్ధం. నీ సీసాలో ముందటి సీసా కంటే ఎక్కువ ఉండేదన్న మాట దగ్గరే ఆగిపోతున్నాను, దాన్ని దాటలేకపోతున్నాను. నన్ను అంతగా రమ్మని కోరుకున్న మనిషి ఇంకొకరు లేరు. నన్ను అంతగా పాడుచేసిన మనిషీ లేరు. రెండూ ఒక్కడే కావడం ఎట్లా సర్దుకోవాలో నాకు తెలియదు.

గురువారం గురువారం కరీంనగర్ దవాఖానకు పోతున్నాను. డాక్టరమ్మే రమ్మన్నది. కొత్తగా చేరినవాళ్ల పక్కన కాసేపు కూర్చోవాలి, అంతే పని. నాకు వినబడదు కాబట్టి వాళ్లు ఏమైనా చెప్పుకుంటారు. పోయిన గురువారం ఒక మేస్త్రీ ఉన్నాడు, గంగాధర మండలం దిక్కు మనిషి. వణుకు తగ్గింది గానీ కండ్లలో భయం తగ్గలేదు. నేనూ ఇదే వార్డులో పడి ఉన్నానంటే నమ్మలేదు. నా చేతులు పట్టుకుని చూశాడు.

'నీకెవలు పోసిండ్రు?' అని అడిగాడు. పెదవులు స్పష్టంగా కనబడ్డాయి.

నీ పేరు చెప్పలేదు. 'నా దోస్తు' అన్నాను.

అతను నా చేతులు వదిలేశాడు. 'గిప్పుడు ఏడున్నడు?'

'దూరం ఉన్నడు. ఉత్తరాలు రాస్తడు' అన్నాను.

అంబదాసు